మక్కచేనులో నేను తీసిన కాలువ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను శంషాబాద్ ప్రాంతానికి మండల వ్యవసాయ అధికారిగా బదిలీ చేశారు. మాది కోనసీమ. ముంపు పొలాల మధ్యే పెరిగాను కాబట్టి నీళ్ల గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదని నా నమ్మకం.

చేరిన పదిహేనో రోజున అంజమ్మ అనే రైతు ఫోన్ చేసింది. మామిడిపల్లి అవతల ఆమెకు ఎకరన్నర మక్కచేను ఉంది; మా వైపు మక్కను మొక్కజొన్న అంటాం. మూడు రోజులుగా వదలని వాన. జానెడు మొక్కలు నీళ్లలో నిలబడి పసుపెక్కాయి. మట్టిలో గాలి ఆడకపోతే వేళ్లు కుళ్లుతాయి; లేత మక్క అసలు తట్టుకోదు. ఇంకో రోజు గడిస్తే చేను దున్నేసి మళ్లీ విత్తాల్సిందే. ఆమె దగ్గర విత్తనం మిగల్లేదు.

ఇలాంటప్పుడు మా శాఖ పద్ధతి ఒకటుంది. ముందు నీళ్లు బయటికి పంపాలి. దెబ్బతిన్న వేళ్లు ఎరువు అందుకోలేవు కనుక, లీటరు నీటికి ఇరవై గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయాలి. నేల ఆరాక గుంటక తోలి మట్టి కదపాలి.

నేను వెంటనే వెళ్లి, ఆమె చేను గట్టు మీద నిలబడి, ఫోన్‌లో వాలు కొలిచే యాప్ చూసి, కాలువ తూర్పుకు తీయమన్నాను.

"గటు పోవు సారూ. పడమటికి పోతయి," అంది అంజమ్మ.

యాప్ చూపించాను. ఆమె మరిది యాదయ్య వంగి చూసి, "ఫోన్ జర వంకరగ పట్టినవేమో సారూ," అన్నాడు. నిజానికి అది కొలిచింది చేను వాలు కాదు, గట్టు వాలు. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం పౌరుషం వచ్చి, నిరూపిద్దామని చేలోకి దిగాను.

నాలుగో అడుగుకు మోకాళ్ల దాకా దిగబడ్డాను. కుడికాలు లాగితే ఎడమకాలు దిగింది. ఎడమకాలు లాగితే బూటు లోపలే ఉండిపోయి కాలొక్కటే వచ్చింది. అలాగే బురదలో కూలబడ్డాను.

"కదలకు సారూ!" అని అరిచింది అంజమ్మ. "మొక్కలు ఖరాబైతున్నయ్!"

యాదయ్య తాడు విసిరాడు. చంకల కింద కట్టుకున్నాను. పడమటి వైపు కాలు నిలిచే గట్టినేల ఉందని ఇద్దరూ అటు నుంచే లాగారు. రెండు సాళ్ల మధ్య వెల్లకిలా జారుతూ పోయాను.

"ఏంది సారూ, గింత బరువున్నవ్!" అని రొప్పాడు యాదయ్య.

పడమటి వైపు నానిన గట్టు నాతోపాటే తెగింది. వెంటనే నీళ్లు కదిలాయి. ముందు కాళ్లకు తగిలి, తర్వాత చెవుల పక్కనుంచి గలగలా అవతలి వాగులోకి పోయాయి. అంజమ్మ తాడు వదిలేసి పార అందుకుంది.

"ఇగ జరుగు సారూ, నీళ్లకు అడ్డమున్నవ్."

సాయంత్రానికి చేను బయటపడింది. మర్నాడు ఆమే యూరియా పిచికారీ చేసింది. వారానికల్లా ఆకులు పచ్చబడ్డాయి. మూలనున్న రెండు సాళ్లు, నేను కూలబడినచోట కొన్ని మొక్కలు మాత్రం దక్కలేదు. పై అధికారికి పంపిన నివేదికలో, "రైతుల సహకారంతో స్వయంగా మురుగు కాలువ ఏర్పాటు చేయడమైనది" అని రాశాను. అందులో అబద్ధం లేదు.

ఆ తర్వాత ఏ ముంపు చేనుకు వెళ్లినా, పోయిన ఏడాది నీళ్లు ఎటు పోయాయని ముందు రైతునే అడిగేవాణ్ణి. జవాబు వచ్చేదాకా గట్టు దిగేవాణ్ణి కాదు.