మణికట్టులో ఊట

నాకు ఎవరినీ ఒక పట్టాన నమ్మే గుణం లేదు. చేవెళ్లలో కీళ్ల డాక్టరమ్మ మా అమ్మ మణికట్టు నొక్కి చూసి, నరానికి మందు ఎక్కించి ఎంఆర్ఐ తీయాలన్నప్పుడు, స్కానింగ్ సెంటరుతో ఆమెకేం లాలూచీ ఉందోనని అనుకున్నాను.

"ఎక్స్‌రే సాలదా మేడం? మందెందుకు?" అని నిలదీశాను.

ఆమె విసుక్కోలేదు. వాచిన కీలులో సన్నటి రక్తనాళాలు కారుతుంటాయట. మందు ఎక్కిస్తే అది ఎంత తొందరగా బయటికి ఊరుతుందో బొమ్మలో తెల్లగా కనబడుతుందట. ఊట ఎక్కువుంటే గట్టి మందులు వెంటనే మొదలుపెట్టాలి, లేకుంటే ఎముక అరిగిపోయి చేతులు పనికిరాకుండా పోతాయి. మొయినాబాద్‌లో మా చామంతి మడిలో డ్రిప్పు పైపు చిల్లు పడ్డచోట నేల తడిసి తెలుస్తుంది, అట్లాగన్నమాట. అర్థమైంది గానీ నమ్మకం కుదరలేదు. కానీ పూలు కోసి నన్ను పెంచిన చేతులవి. ఆ భయంతోనే ఒప్పుకున్నాను.

స్కాను రోజు అమ్మ హుషారుగా ఉంది. తనే జడ వేసుకుంది. నేను మాత్రం నర్సును, మందు సీసాను, దాని మీది తేదీని పట్టి పట్టి చూశాను.

బొమ్మలు చూసి డాక్టరమ్మ నొసలు ముడిచింది. "ఊట దాదాపు లేదు. మొన్న చేతులు గింత వాచి ఉండె కదా!"

వీళ్ల మెషీనే దొంగదని నేను నోరు తెరవబోయాను. ఆమె అమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నడుమ ఏమన్న సూది ఏసుకున్నవా?"

అమ్మ కొంగు సర్దుకుంది. "స్కాను ముందటి దినం మా ఊరి ఆర్ఎంపీ తాన ఏసుకున్న. వంకర చేతులతోని పెద్ద దవాఖానకు ఎట్ల పోవాలె? జర మంచిగ కనపడదామని."

పెళ్లికి పోయినట్టు తయారై పోయిందన్నమాట. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. లోకమంతటినీ అనుమానించాను గానీ పక్కన కూర్చున్న మనిషిని అనుమానించలేదు. ఆ సూది వాపునూ ఊటనూ కొన్నాళ్లపాటు అణచేస్తుందట, దాని బలం దిగాక మళ్లీ తీయాలంది డాక్టరమ్మ. అప్పటిదాకా నొప్పి ఓర్చుకోవాల్సిందే.

రెండోసారి బయల్దేరే పొద్దున అమ్మను అడిగాను. "నిజం చెప్పు అవ్వా, మళ్ల ఏసుకున్నవా?"

"నీ మీద ఒట్టు బిడ్డా, ఏం ఏసుకోలె. గీ జాకెట్టు హుక్కులు నువ్వే పెట్టు, నాతోని అయితలేదు."

వాచిన వేళ్లు వంగడం లేదు. ఇంక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. హుక్కులు పెడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"జల్ది పెట్టు, బస్సు పోతది," అంది.