కోత కబురు

శావల్యాపురం వీరరాఘవమ్మకు ఇరవై నిండకముందే మొగుడు పోయాడు. అయినవాళ్ళు ఆమెను మూలన కూర్చోబెట్టారు. ఆ మూల నుంచి లేపింది నరసరావుపేటలో కొత్తగా పెట్టిన ఆసుపత్రి. యుద్ధం రోజుల్లో ఊళ్ళవాళ్ళు తలో బండి నాపరాయి తోలి కట్టుకున్న ఆసుపత్రి అది. ఆడపిల్లలకు అక్కడే నర్సు పని నేర్పుతామన్నారు. పెళ్ళీడు పిల్లల్ని ఎవరు పంపుతారు? వెళ్ళింది దిక్కులేనివాళ్ళే. వీరరాఘవమ్మ, జరీనా, ఇంకో ఇద్దరు.

ఆసుపత్రికెళ్తే చావేననేవారు జనం. వాళ్ళ నోట్లో మన్నుపడ, నిజంగానే ఒక మనిషి కత్తి కింద పోయాడు. చుట్టాలు రాళ్ళు రువ్వారు. దాంతో, ఇంటి మగవాడు ఊ అననిదే కత్తి పట్టనని పెద్దలు ధనుంజయరావు డాక్టరు చేత ఒట్టేయించుకున్నారు.

ఆ మాఘంలో చెల్లెలు పార్వతమ్మ పురిటికి పుట్టింటికొచ్చింది. తల్లీదండ్రీ లేని ఇంట్లో అక్కే దిక్కు, ఆసుపత్రిలో సెలవడిగి ఊరికొచ్చింది. నొప్పులొచ్చాయి, బిడ్డ అడ్డం తిరిగింది. వీరరాఘవమ్మ చెల్లెల్ని బండిలో వేసుకుని పేటకు తెచ్చింది.

"కొయ్యాలమ్మా. మొగుణ్ణి పిలిపించు," అన్నాడు డాక్టరు.

"తోడబుట్టినదాన్ని, నేను సెప్తన్నా. కొయ్యండి బాబూ!"

"నీ మాట చెల్లదమ్మా. ఒట్టేశాను."

ఆమె గేటు దగ్గరకు పరిగెత్తింది. ఊళ్ళమీద బాడుగ బండి తోలే మౌలాలీ కోటప్పకొండ వైపు పోతున్నాడు. "మౌలాలీ! కొండకింద మా మరిది, పార్వతమ్మ మొగుడు కోటయ్యకు సెప్పు. కోతుంది, ఉన్నపళాన రమ్మను!"

ఆసుపత్రిలో ఆపరేషన్‌ను అందరూ కోతనే అనేవారు. బండి తోలుకునేవాడికి ఆ సంగతేం తెలుసు? "మీ వదిన కోతకు రమ్మంది," అన్నాడు. కోటయ్య కొడవలి నడుముకు దోపుకుని, ఇద్దరు కూలీలను వెంటేసుకుని, నేరుగా అత్తారి ఊరు శావల్యాపురం పోయాడు.

ఇక్కడ అక్క గేటుకూ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉంది. డాక్టరు కాళ్ళు పట్టుకుంది.

"అక్కా, ఆయనొచ్చాడా?"

"వస్తన్నాడే తల్లీ."

నాడి జారిపోతుంటే చూడలేక డాక్టరు ఒట్టు గట్టున పెట్టి కత్తి పట్టాడు. ఆడపిల్ల దక్కింది. పార్వతమ్మ దక్కలేదు.

తెల్లారి కోటయ్య వచ్చాడు. "ఏంది వదినా, కోతన్నావంట! ఇల్లు తాళమేసుంటే నీకోసం ఈడికొచ్చా. జొన్నచేను ఇంకా పాలకంకి మీదే ఉంది గదా!"

వీరరాఘవమ్మ గోడకు జారగిలబడింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. కోటయ్య రాయి విసరలేదు. డాక్టరు ఎదుటికి పోయి నిలబడ్డాడు.

"మా వదిన కొయ్యమంది గదయ్యా. ఆమె మాటెందుకు సాల్లేదు?"

డాక్టరు ఆ మాటే తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టాడు. పెద్దలు ఆ ఒట్టు తీసేశారు. తర్వాత ఆసుపత్రికి గదులు పెరిగాయి, నర్సుపిల్లలు పెరిగారు, వాళ్ళకు పని నేర్పింది వీరరాఘవమ్మే. కోతైన తల్లులు బిడ్డల్నెత్తుకుని ఇంటికెళ్తుంటే ఆమె గేటుదాకా వచ్చి సాగనంపేది. లోపలికొచ్చి ఏడ్చేది.