అడుగు వరసలో పేరు

పొద్దున పక్కింటావిడ ఫోను పట్టుకొచ్చి, ఈ అమ్మాయి మీ మనవరాలు కదా అని చూపించింది. జర్మనీలో చదువుకుంటున్న మీ పెద్దక్కే. ఇక్కడ మన ఊరి పక్క మనలిలో ఫ్యాక్టరీ పొగ ఆపమని రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో కొందరిని పోలీసులు పట్టుకుపోయారట, వాళ్లను వదిలిపెట్టమని అక్కడినుంచి వీడియో పెట్టింది. దాని మాటలు వింటున్నంతసేపూ బాగానే ఉన్నాను కానీ, కింద ఇంటిపేరుతో సహా దాని పేరు కనబడగానే ఫోను బోర్లా పెట్టేశాను, పిల్లలూ.

నా పదేళ్లప్పుడు మా నాయన హార్బరు పక్క జార్జి టౌన్‌లో ఒక చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చేవాడు, అచ్చుకు పోయేముందు తప్పులు దిద్దడమూ ఆయన పనే. ఏ కాగితం వేసినా అడుగున సన్నటి అక్షరాల్లో ప్రెస్సు పేరు, వీధి పేరు వెయ్యడం రివాజు. ఒకసారి హార్బరు కూలీలు సమ్మెకు దిగి నోటీసు అచ్చేసిపెట్టమన్నారు, అడుగున పేరు మాత్రం వద్దు, మీకే ప్రమాదమని వాళ్లే చెప్పారు. నాయన తలాడించాడు. కానీ గోడలకెక్కిన నోటీసుల్లో ఆ వరస ఉండనే ఉంది. మూడో రోజు పోలీసులు ఆ పేరు పట్టుకుని ప్రెస్సుకు వచ్చి, అక్షరాలు కూర్చిన ఆయన్ని తీసుకుపోయారు. నాలుగు రోజులు అమ్మా నేనూ స్టేషను ఎదుట చింతపండు మండీ అరుగు మీదే కూర్చున్నాం, లోపల తలుపు చప్పుడైతే చాలు, అమ్మ నా చెయ్యి నలిపేసేది. తిరిగొచ్చాక నాయన వేళ్లు మళ్లీ అక్షరం పట్టలేదు. ఎందుకు వేశావని అమ్మ అడిగినప్పుడల్లా "చేతి అలవాటేలే" అనేవాడు, అంతే.

ఇదంతా ఫోనులో మీ అక్కకు చెప్పాను, భయపడి ఆ వీడియో తీసేస్తుందని. వచ్చే నెల సెలవులకు వస్తోంది కదా, విమానం దిగీ దిగగానే ఆపేస్తారేమోనని నా బెంగ. అది అంతా విని, మెల్లగా అడిగింది.

"తప్పులు దిద్దేది ఆయనే అంటివి కదా అవ్వా, మరి ఆ వరస ఆయన కంట పడకుండా ఎట్ల పోతుంది?"

అరవై ఏళ్ల పైనుంచి నాకా మాట తట్టలేదు. ఇక తీసెయ్యమని అనలేకపోయాను.

ఆ రోజుల్లో ఒక పేరు సందులన్నీ దాటి స్టేషను చేరడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నాయన మాతో కూర్చుని అన్నం తిన్నాడు. ఇప్పుడు పేరు మనిషికంటే ముందే వచ్చి, విమానం దిగేచోట కాచుకుని ఉంటుంది.