నెవిల్ ముందరి పళ్ళు

మొన్న శనివారం ఉదయం వంటింటి కిటికీ తెరవగానే పక్క వీధి బడి మైదానం నుంచి ట్రంపెట్ వినిపించింది. ఎవరో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. ఒక స్వరం దగ్గరికి రాగానే గాలి పెదవుల పక్కనుంచి జారిపోతోంది. పొయ్యి మీద పప్పు పొంగుతున్నా అక్కడే నిలబడిపోయాను. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఒక శీతాకాలమంతా దాన్ని నా గదిలోనే విన్నాను. ఆ చప్పుడు చేసిన మనిషి పేరు నెవిల్.

అవి ఎనభైల చివరి రోజులు. నేను తెనాలి నుంచి ఈ దేశానికి వచ్చి, ఇక్కడి పరీక్షలు గట్టెక్కి, వెస్ట్‌మీడ్‌లో ఒక పళ్ళ క్లినిక్‌లో కొత్తగా చేరాను. నా యాస ఎవరికీ అర్థం కాదేమోనన్న భయంతో ఏది చెప్పినా గొణిగినట్టే చెప్పేదాన్ని. అలాంటి రోజుల్లో అరవై దాటిన ఒక పొడుగాటి మనిషి ట్రంపెట్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని నా కుర్చీలో కూర్చున్నాడు. చిగుళ్ళ జబ్బు ముదిరి, పై వరసలో ముందరి పళ్ళు నాలుగూ కదిలిపోతున్నాయి. వాటిని తీసేయాలని నసుగుతూ చెప్పాను.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"వినపడింది. కానీ నీకే నమ్మకం లేనట్టు చెప్పావు. నా బతుకే పీకేస్తానంటున్నావమ్మా, కాస్త గట్టిగా చెప్పు!"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వాడు గానీ చేతులు మాత్రం పెట్టెను వదల్లేదు. ట్రంపెట్ వాయించేవాడికి పెదవికి వెనక ఆసరా ఆ పళ్ళే. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆదివారం ఆర్వో మా పబ్బుకి రా. ఏం తీసేస్తున్నావో ముందు విను" అన్నాడు. ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం.

ఇంట్లో ఆ మాట చెబితే మా ఆయన ప్రసాద్ బిత్తరపోయాడు. "పబ్బుకా? మనమా? ఈ సండే హెలెన్స్‌బర్గ్ గుడికి అనుకున్నాం కదా!"

"గుడికి నెక్స్ట్ సండే వెళ్దాం. ఇది డ్యూటీ."

"డ్యూటీయా! టూంగాబీలో ఉండే మన తెలుగు ఆంటీలు ఎవరైనా చూస్తే ఆన్సర్ నువ్వే చెప్పుకో."

అలా నేను మొదటిసారి పబ్బు గడప తొక్కాను. పర్రమట్టాలో పాత హోటల్లో బారు, దాని వెనక హాలు, ఆరుగురు మనుషుల బ్యాండు. నెవిల్ పదిహేనేళ్ళప్పుడు రైల్వే వర్క్‌షాపు బ్యాండులో ట్రంపెట్ పట్టాడట. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పాతకాలపు జాజ్ మీద మనసుపడి సొంత బ్యాండు కట్టాడు. వారమంతా ఫిట్టర్ పని, శనాదివారాలు డాన్సు హాళ్ళు, హార్బర్‌లో షికారు పడవలు, ఇతరుల పెళ్ళిళ్ళు. రాక్ సంగీతం వచ్చి డాన్సు హాళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి, తోటి బ్యాండులు చెల్లాచెదురయ్యాయి. ఈయన మాత్రం ఎక్కడ ఒక మూల దొరికితే అక్కడ వాయిస్తూ వచ్చాడు. ఇదంతా ఆయన భార్య బెటీ నా పక్కన కూర్చుని, చేత్తో తాళం వేస్తూనే చెప్పింది. నాకు జాజ్ తెలియదు. అయినా ఆయన పాటను ముందు తేటగా వినిపించి, ఆ తర్వాత పక్కకు జరిగి, ఒక్కొక్కరి పేరూ పిలిచి ముందుకు పంపడం చూశాను. తన వంతు అందరికన్నా చిన్నది.

పళ్ళు తీసేముందు వాటి అచ్చు తీసుకున్నాను. కట్టుడు పళ్ళు సరిగ్గా ఆ వరసలోనే, అంతే వాలుతో కట్టించాను. పుండు మానాక వాటిని పెట్టుకుని నా గదిలోనే ట్రంపెట్ ఎత్తాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారీ అంతే. ఆయన ట్రంపెట్‌ను మెల్లిగా పెట్టెలో పడుకోబెట్టాడు. "అయిపోయినట్టే ఉంది" అన్నాడు.

"అవలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వచ్చే మంగళవారం రండి. ఈ పళ్ళ వెనక వైపు కొంచెం అరగదీస్తాను."

ఆయన తలెత్తి చూశాడు. "ఆఁ, ఇలా చెప్పాలి!"

ఆ చలికాలమంతా వచ్చాడు. వచ్చినప్పుడల్లా కాస్త అరగదీయడం, మళ్ళీ ఊదించడం. పక్క గదిలో రోగులు మొదట విసుక్కున్నా, తర్వాత వాళ్ళే "ఇవాళ ఎలా ఉంది?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ నెలల్లో ఒక్క ఆదివారం కూడా బ్యాండు ఆగలేదు. క్లారినెట్ వాయించే కోలిన్‌కి పాట అప్పగించి, నెవిల్ కుర్చీలో కూర్చుని చేతులతోనే నడిపించాడు. వసంతం వచ్చేసరికి మళ్ళీ లేచి నిలబడి వాయించాడు. పై స్వరాలు తిరిగి రాలేదు. వాటి జోలికే పోకుండా, కింది స్వరాల్లోనే, ఊపిరి పీలుస్తున్నంత నింపాదిగా వాయించాడు. బెటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ పై స్వరాల కోసం ఎన్నేళ్ళు చెమటోడ్చానో!" అన్నాడు తర్వాత, బీరు నురగ తుడుచుకుంటూ. "అవి లేకపోయినా పాట బాగానే నిలబడింది, చూశావా?"

తొంభైలు మొదలయ్యాక ఒక ఆదివారం, హాలు నిండా జనం ఉండగా, ఇకనుంచి బ్యాండు కోలిన్‌దని, తాను అందులో ట్రంపెట్ వాయించే మనిషి మాత్రమేనని ప్రకటించాడు. వద్దు వద్దని గోల చేశారు. ఆయన పట్టించుకోకుండా పక్క కుర్చీలోకి మారాడు. ఆ పూట కోలిన్ సైగ చేస్తేనే లేచాడు, సైగ చేస్తే కూర్చున్నాడు.

"బాధగా లేదా?" అని అడిగాను.

"ఇన్నాళ్ళూ ఎవరు ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు ఆపాలో చూసుకోవడంతోనే సరిపోయింది. పాట సగమే విన్నాను. ఇప్పుడు మొత్తం వింటున్నాను" అన్నాడు. ఆ ముఖంలో దాపరికమేమీ లేదు. చివరి ఏడాది దాకా అలాగే, ఆ పక్క కుర్చీలోంచే వాయించాడు.

నేను సొంత క్లినిక్ పెట్టి, చాలాకాలం నడిపి, పోయినేడు మా జూనియర్ నిమిషకి అప్పగించాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆమె కింద పనిచేస్తున్నాను. మొన్న ఒక పెద్దాయన పన్ను విషయంలో ఆమె నావైపు చూసి, "ఆంటీ, మీరైతే ఏం చేస్తారు?" అంది. జవాబు నోటిదాకా వచ్చింది.

"మీరు చెప్పండి డాక్టర్. నేను వింటాను" అన్నాను. ఆమె ఆయన వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. బాగా చెప్పింది.