తప్పు నీళ్లది, ఊరిది కాదు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, పులివెందుల బస్టాండులో, మా ల్యాబ్ ఉన్న ప్రొద్దుటూరుకు బస్సు కోసం నిలబడి ఉండగా, మా సార్ చనిపోయారని ఫోన్ వచ్చింది. నాకు పరిశోధన నేర్పిన మనిషి ఆయన. చక్కెర జబ్బు వల్ల కాలికి పడిన పుండు మానలేదు. ఆ విషమే ఒళ్లంతా ఎక్కింది.

అంత్యక్రియలకు వాళ్ల సొంతూరు జమ్మలమడుగు వెళ్లాను. వాకిట్లో కూర్చున్న పెద్దాయన ఒకరు, "పుండ్లు మానేదాని మింద పని చేసినాయప్ప. ఆ పుండే తీసకపాయ. రాత" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను ఊపలేదు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇది రాస్తున్నది అందుకే.

ముందు మా పనేమిటో చెప్పాలి. గాయం పెద్దదైతే దానంతట అది పూడదు. కొత్త కణాలు ఎక్కి నిలబడటానికి ఆసరా కావాలి. అలా పెట్టే స్పాంజిలాంటి ముక్కను స్కాఫోల్డ్ అంటారు. కండ పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది. దాని గుణమంతా రంధ్రాల్లోనే ఉంది. మరీ సన్నవైతే కణాలు అంచు దగ్గరే ఆగిపోతాయి. మరీ పెద్దవైతే పట్టుకోవడానికి గోడ దొరకదు. "చిల్లులుంటే సాలదు పాపా, చిల్లికీ చిల్లికీ దావ ఉండాల" అనేవారు సార్.

మాది వేముల దగ్గర పల్లె, గొర్లు కాసే ఇల్లు. మొదటి రోజు ఆయన నా మార్కులు అడగలేదు. "గొర్రెకు పుండు పడితే మీ నాయన ఏం జేస్తాడు?" అని అడిగారు. చెప్పాను. "అయితే నీకు సగం తెల్సు" అని జల్లెడ చేతికిచ్చారు.

ఉప్పును జల్లించి, ఒకే సైజు పలుకులను పాలిమర్ ద్రావణంలో కలిపి ఆరబెడతాం. తర్వాత నీళ్లలో నానేస్తే ఉప్పు కరిగిపోయి, అది ఉన్న చోటల్లా రంధ్రం మిగులుతుంది. తయారైన ప్రతి ముక్క మీదా సార్ ఒక సిరా చుక్క వేసి, అది రంధ్రాల గుండా ఇంకి అడుగున కనబడేదాకా కదలకుండా కూర్చునేవారు. కనబడకపోతే ఆ ముక్క చెత్తబుట్టలోకే. నేనెంత బతిమాలినా వినేవారు కాదు.

ఆయన కాలు చూపించుకోవడానికి ఆస్పత్రిలో ఉన్న నెలలో నేను ఆ సిరా పరీక్ష ఎగ్గొట్టాను. డిస్టిల్డ్ వాటర్ చాలక బోరు నీళ్లతో కడిగాను. బకెట్లకు సున్నంలా తెల్లగా పొక్కు కట్టే నీళ్లు మావి. ఆ పొక్కే రంధ్రాల్లోనూ కట్టింది. ఆ ముక్కలను కణాలు పెంచే తిరుపతి ల్యాబ్‌కు పంపితే, ఒక్క కణం కూడా లోపలికి పోలేదు.

మా పరిశోధన సమీక్షకు వచ్చిన పెద్దమనిషి సార్‌తో, "ఇలాంటి పనులు ఇలాంటి ఊళ్లో జరగవండీ. టాపిక్ మార్చుకోమనండి" అన్నారు. సార్ నా వైపు తిరిగి, "నీళ్లు యాడివి?" అని మాత్రం అడిగారు. చెప్పాను. తల ఎత్తలేకపోయాను. ఆయన ఆ పెద్దమనిషితో, "తప్పు నీళ్లది సార్, ఊరిది కాదు. మళ్లీ చేస్తాం" అన్నారు. ఇంకొక్క అవకాశం దొరికింది. ఈసారీ కణాలు లోపలికి పోకపోతే నా పని అక్కడితో సరి.

కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, నెలంతా సారే నీళ్లు కాచి డిస్టిల్ చేశారు. ఇది త్వరగా అయితే మీ కాలికి పనికొస్తుంది కదా అన్నాను ఒకసారి. కోపం వచ్చింది ఆయనకు. "నా కాలికి అందదు. శానా ఏండ్లు పడ్తది. అట్లని ఆపుతామా?" అన్నారు. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసే చేశారు. దాన్ని రాత అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ నీళ్లతో కడిగి పంపిన ముక్క ఫోటో వారం కిందట తిరుపతి నుంచి వచ్చింది. ముక్కను అడ్డంగా కోసి తీసింది. కణాలు ఊదారంగు చుక్కలుగా, అంచు దాటి, లోపలికి సగం దూరం పోయి ఉన్నాయి. టాపిక్ మార్చమని ఎవరైనా అంటే ఇక నేను ఊరుకోను.

దాన్ని ప్రింటు తీయించి సార్ భార్యకు తీసుకెళ్లాను.

"ఏందివి పాపా, ఈ సుక్కలు?"

"కణాలమ్మా. లోపలికి పోతాండాయి."

"ఈడికేనా వచ్చింది?"

"ఇప్పటికి ఈడికే."

ఆమె కళ్లద్దాలు సవరించుకుని, అంచు నుంచి చుక్కల వెంబడి వేలు జరుపుకుంటూ వచ్చింది. చుక్కలు ఆగిన చోట వేలు ఆగలేదు. ఖాళీగా ఉన్న మధ్యలోకి పోయి, అక్కడ నిలిచింది.