డైరెక్టరమ్మకు శుక్రవారం ఫోను

శారదాదేవి పుట్టింది చేవెళ్లలో, కిరాణా దుకాణం నడిపే ఇంట్లో. 2003 నాటికి ఆమె రాష్ట్ర భూగర్భజల శాఖ డైరెక్టరు. ఎక్కడ బోరు వేయొచ్చో, ఎక్కడ కూడదో తేల్చే సంతకం ఆమెది.

హైటెక్ సిటీ పెరిగేకొద్దీ మొయినాబాద్ రోడ్డు వెంట ఫాంహౌసులు లేచాయి. బోరు లారీలు చేవెళ్ల పక్కనున్న ముడిమ్యాల ఊరి దాకా వచ్చాయి. ఆ వేసవిలో ఊరి మంచినీళ్ల బోరు ఎండిపోతే జనం అర్జీ పెట్టారు. శారదాదేవి స్వయంగా వచ్చింది. బోర్లలోకి టేపు దింపి నీటి లోతు కొలిచింది. వారం తిరక్కుండా ఊరి పొలిమేరలో కొత్త బోర్లు బందు పెట్టించింది. ఊరు సంబరపడింది.

పది రోజులకు ఆ ఊరి ముసలి రైతు ఎంకమ్మ టమాట చేనుకొచ్చిన బోరు లారీని కూడా వెనక్కి పంపేశారు. మర్నాడే ఎంకమ్మ బస్సెక్కి హైదరాబాదు ఆఫీసుకు పోయింది.

"మీ నాయిన దుకాణంల ఉప్పు కొన్నదాన్ని బిడ్డా. పైసలున్నోళ్లను ఆపుతవనుకున్న. నాకే అడ్డం వడ్తివా?"

శారదాదేవి లేచి కుర్చీ జరిపింది. "నీకొక్కదానికి ఇస్తే రేపు అందరికీ ఇయ్యాలె అవ్వా. ఫాంహౌసులోళ్లు వెయ్యి ఫీట్లు దింపుతరు. మనకు తాగనీకి గూడ మిగలవు."

"మరి నా టమాట?"

శారదాదేవి చాయ్ తెప్పించింది. ఎంకమ్మ ముట్టలేదు.

ఆ ఏడు చేను సగం ఎండింది. అది చూడటానికి శారదాదేవి రెండుసార్లు వచ్చింది. చేను మూలన పూడిపోయిన పాత బావి కనబడితే పూడిక తీయించింది. బావిలోకి నీళ్లు ఊరేలా పక్క వాగుకు చిన్న కట్ట వేయించింది. పోయేముందు ఎంకమ్మకో పని అప్పజెప్పింది.

"తాడుకు మూరకో ముడి ఎయ్యి అవ్వా. బావిల ఇడిచి ఎన్ని మూరలు తడిసిందో చూడు. శుక్రారం శుక్రారం నాకు ఫోన్ జెయ్యి."

"నేనేమన్న నీ నౌకర్నా?" అంది ఎంకమ్మ. కానీ చేసింది. మొదట్లో ఎస్టీడీ బూత్ నుంచి ఒక్క అంకె చెప్పి పెట్టేసేది. వానలు పడ్డాక ఓ శుక్రవారం, "మూడు మూరలు! నువ్వు తిన్నవా?" అనడిగింది. మీటింగు మధ్యలో ఉన్న డైరెక్టరు, ఇంకా లేదని చెప్పి, అందరి ముందూ ఎంకమ్మ చేత తిట్లు తిన్నది.

2007లో ఆమె రిటైరైంది. మొదటి శుక్రవారమే ఇంటి ఫోను మోగింది.

"ఆరు మూరలున్నయి. కొత్త సారుకు చెప్పిన, రాసుకున్నడు. నీకు గూడ చెప్పకుంటే మనసొప్పలే."

శారదాదేవి చేతిలో ఉన్న పేపరు అంచున 'ఆరు' అని రాసుకుంది.