మరువ పారిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరికి పేరు లేదు. ముదిగుబ్బ సంతలో ఎవరైనా ఏ ఊరని అడిగితే "గుట్ట మీదోళ్లం" అని చెప్పుకునేవాళ్లం. నేను పుట్టకముందే, కింద పల్లెలో బావులు ఎండిపోతే, మా తాత ఐదు కుటుంబాలను వెంటబెట్టుకుని ఆ బంజరు మీదికి ఎక్కాడు. రాళ్లూ తంగేడు పొదలూ తప్ప ఏమీ లేని చోటది. రాళ్లు ఏరి గట్లు పేర్చారు, గట్ల వెనక నిలిచిన కాస్త మట్టిలో వేరుశనగ వేసుకున్నారు, కొట్టాలు కట్టుకుని నిలబడ్డారు. తాత మాటకు ఎదురు చెప్పేవాళ్లు అక్కడ లేరు. ఎదురు చెప్పే రకమైతే ఆయన వెంట అంత దూరం వచ్చేవాళ్లే కాదు.

నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి తాత తలపెట్టిన పెద్ద పని పూర్తయింది. రెండు గుట్టల నడుమ కట్ట వేసి కుంట చేశాడు. మూడు ఎండాకాలాలు అందరూ మట్టి మోశారు. కుంట నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోవడానికి ఎక్కడైనా ఒక పక్కన మరువ వదులుతారు. తాత వదలలేదు. "ఒక్క బొట్టు గూడా కిందికి పోనీను" అన్నాడు. నీళ్ల కోసం అంతగా అల్లాడిన మనిషి.

ఆ ఏడు వాన దంచికొట్టింది. తెల్లారేసరికి కుంట నిండుగా ఉంది. అందరూ కట్ట మీద చేరి సంబరపడుతుంటే, మా చిన్నత్త చేటలో వేరుశనగ పొట్టు తెచ్చి, నీళ్లు ఎటు లాగుతున్నాయో చూద్దామని, నీళ్లలో చల్లమని నాకిచ్చింది. ఆమె మా నాయనకు చెల్లెలు, అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఆ పొట్టంతా మెల్లగా ఒక మూలకు, గుట్ట అంచున ఉన్న నల్లబండ దగ్గరికి చేరింది. నీళ్లు ఆ బండ మీదుగా బయటికి పోవాలని చూస్తున్నాయి.

"నాయనా, ఆ బండ కాడ జానెడు తెంచుదాం. లేకుంటే కట్ట నిలబడదు" అంది అత్త.

"నీకేం తెలుసు పాపా, పో" అని కసిరాడు తాత.

మధ్యాహ్నానికి కట్ట నడిమధ్య తెగింది. మనుషులకేమీ కాలేదు గానీ కింద చేలల్లో పైరు పోయింది, ఏళ్లుగా కూడబెట్టిన మట్టి కూడా పోయింది. మిగిలింది మళ్లీ రాళ్లే.

మరునాడు పక్కింటి పెద్దాయన బండికి సామాను కట్టసాగాడు. "నీ మాట నమ్మి ఎక్కొస్తిమన్నా. ఇంగ మావల్ల గాదు, దిగిపోతాండాం" అన్నాడు. తక్కిన ఇళ్లవాళ్లూ మూటలు కడుతున్నారు. తాత ఇంట్లోకి వెళ్లాడు. ముఖం చూపలేక వెళ్లాడనుకున్నాను. గడ్డపార తీసుకుని బయటికి వచ్చి, అందరూ చూస్తుండగా దాన్ని చిన్నత్త చేతిలో పెట్టాడు.

"నిన్న నా కూతురు జెప్పినాది. నేనే ఇన్లేదు. తప్పు నాది. ఇంగ యాడ తవ్వల్లో, యాడ కట్టల్లో ఈ పాప జెప్తాది. నేను గూడా తట్ట మోస్తా. ఇంగొక్క ఏడు సూడండప్పా."

పక్కింటి పెద్దాయన భార్యే ముందుకొచ్చి బండి మీది తాడు విప్పింది.

ఎండాకాలం రాగానే తెగిన కట్టను మళ్లీ వేస్తుంటే తాత నిజంగానే తట్ట మోశాడు. "నాయనా, ఆడ గాదు, ఈడ పొయ్యి" అని అత్త కేకేస్తే, కట్ట మీద సగం దూరం వెళ్లినవాడు మారుమాట లేకుండా వెనక్కి తిరిగేవాడు. మాకు నవ్వొచ్చేది. ఆయనకు మాత్రం అదేమీ నవ్వులాట కాదని ఇప్పుడు తెలుస్తోంది. నల్లబండ మీద అత్త మరువ తీయించింది, రెండు పక్కలా రాయి పేర్పించింది.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది. కుంట నిండి, నీళ్లు బండ మీద పలచగా పరుచుకుని, ఆపైన హోరుమని వంకలోకి దూకాయి. కట్ట చెక్కుచెదరలేదు. చీలమండల లోతు నీళ్లలో నిలబడి అత్త నవ్వుతోంది. వంక నీళ్లు తమ దాకా దిగడం చూసి కింద పల్లెవాళ్లు తప్పెట్లు కొట్టుకుంటూ ఎక్కి వచ్చి తాతకు దండ వేయబోయారు. ఆయన ఆ దండ అందుకుని అత్త మెడలో వేశాడు. "కట్టింది నేనే, నిలబెట్టింది ఈ పాప" అన్నాడు. ఆ రోజు ఐదిళ్లలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. అందరికీ మా వాకిట్లోనే వంట.

ఆ ఏడే ఇంకో నాలుగు కుటుంబాలు పైకి వచ్చాయి. ఇప్పుడు అక్కడ బడి ఉంది, బస్సు ఆగుతుంది. కుంట మంచిచెడులు చిన్నత్త కూతురు చూస్తోంది.

రాళ్లు ఏరి గట్లు పేర్చిన తాత కంటే, పదిమందిలో నిలబడి "తప్పు నాది" అన్న తాతే నాకు ఎక్కువగా గుర్తొస్తాడు. పోయినేడు మా కోడలు వేరుశనగ మానేసి చీనీ చెట్లు, అదే బత్తాయి, పెడదామంది. నలభై ఏళ్లు నా చేతి మీద నడిచిన చేను. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. "నువ్వే చూసుకోమ్మా" అనడానికి నాకు రెండు రోజులు పట్టింది. అయినా అన్నాను.